స్వయం ఉపాధి

"పని లేదు" అన్న మాటను అధికారి ఎర్ర కలంతో అడ్డంగా కొట్టేశాడు. పైన "స్వయం ఉపాధి" అని రాసి కాగితం ఆమె ముందుకు తోశాడు.

"సంతకం పెట్టు."

అది ఆమె అన్నయ్య ఫారం. నూలు మిల్లులో పద్దెనిమిదేళ్లు రంగులు కలిపిన మనిషి. మిల్లు మూతపడి ఏడాదైంది. పోయిన వారం ఎవరిదో బీరువా మేడ మీదికి మోస్తే ఒక పూట భోజనం పెట్టారు. ఇంటింటి సర్వేకి వెళ్లి ఆ సంగతి రాసుకొచ్చింది ఆమే.

"ఒక్క బీరువా మోస్తే ఉపాధా సార్?"

"వారంలో గంట చేసినా పని చేసినట్టే. పైవాళ్ల ఆర్డరు. సోమవారంతో కొత్త ప్రభుత్వానికి వంద రోజులు. నిరుద్యోగం సగానికి తగ్గిందని సభలో చెప్పాలి. నీ కాంట్రాక్టు రెన్యువల్ కూడా ఆ రోజే. గుర్తుందిగా?"

ఆమె వెనక సర్వే చేసే ఆడవాళ్లు ఇంకో ముప్పై మంది ఫారాల కట్టలతో నిలబడి ఉన్నారు. ఆమె సంతకం పెట్టింది.

మనసులో దాచుకోలేక మధ్యాహ్నమే మిల్లు కాలనీకి పోయి, రేకుల షెడ్డులో కూర్చున్న అన్నయ్యకు చెప్పేసింది. పని పోయినవాళ్లు యాభై మంది దాకా అక్కడే ఉన్నారు.

"నా ఆకలి అబద్ధమని సంతకం పెట్టొచ్చావా?" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత ఆమె మొహం చూడలేదు.

ఎన్నికల్లో ఈ ప్రభుత్వం కోసం గడపగడపా తిరిగిన ఫిట్టర్ బాబాయి లేచాడు. "వచ్చి మూడు నెలలే కదరా! కాస్త ఓపిక పట్టండి. మిల్లు తెరుస్తామన్నారు, తెరుస్తారు."

"ఎవరి కోసం తెరుస్తారు?" దారం తీసే విభాగంలో చేసిన పెద్దమ్మ కస్సుమంది. "అందరికీ పనులున్నాయని కాగితం చెబితే ఇక మిల్లెందుకు? స్థలం అమ్ముకుంటారు. రేషను కూడా ఎత్తేస్తారు. అప్పుడు ఎవర్ని అడుగుతావ్?"

ఫిట్టర్ సంతకం పెట్టొచ్చిన ఆమె వైపు తిరిగాడు. "మరి నా ఫారంలో ఏముందమ్మా?"

"పక్కింటి కుళాయి బిగించానన్నావుగా బాబాయ్. మెకానిక్‌వి."

ఎవరో ఫక్కున నవ్వారు. ఫిట్టర్ నవ్వలేదు. చొక్కాకున్న పార్టీ బిళ్ల ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"నువ్వు సంతకం పెట్టనంటే?" అని అడిగాడు.

"ఒక్కదాన్నయితే తీసేస్తారు."

"అందరూ కలిస్తే?"

ఆ సాయంత్రం, మర్నాడంతా ఆమె తోటి సర్వేవాళ్ల ఇళ్లకు తిరిగింది. కొందరు సరేనన్నారు. ఇద్దరు తలుపే తీయలేదు. భర్త పోయి నలుగురు పిల్లల్ని సాకుతున్న అక్క మాత్రం ఉతికి ఆరేసింది. "నీకు అన్న ఉన్నాడు. నాకెవరున్నారే? తమ్ముడు కూడా నా మీదే పడి ఉన్నాడు. నా పొట్ట కొట్టకు!"

"నాకూ భయమేనక్కా," అని ఆమె వచ్చేసింది.

శనివారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి గేటు బయట కాలనీ మొత్తం నిలబడి ఉంది. లోపల అధికారి మిగిలిన ఫారాల మీద సంతకాలకు మొదట ఆమెనే పిలిచాడు.

"పెట్టను. మొన్న పెట్టినవి కూడా తప్పు సంతకాలని రాసిస్తాను."

అధికారి మొహం మాడిపోయింది. "నెక్స్ట్!"

రెండో మనిషి పెట్టనంది. మూడో మనిషీ అంతే. తర్వాతి వంతు నలుగురు పిల్లల అక్కది. అక్క కలం చేతిలోకి తీసుకుంది. అక్క కళ్లు తుడుచుకుని కలం టేబుల్ మీద పడేసింది.

"మా ఇంట్లో నా తమ్ముడికి కూడా పని లేదు సార్. ఉందని ఎట్లా రాయను?"

బయట కేకలు మొదలయ్యాయి. "మా ఫారాలు మాకు చూపించండి!"

పోలీసు వ్యాన్ వచ్చింది. మొదట ఎదురు చెప్పిన ఆమెనే అధికారి వేలు పెట్టి చూపించాడు. ఇద్దరు పోలీసులు ఆమెను రెక్క పట్టుకుని లాక్కొచ్చి వ్యాన్ ఎక్కించారు. ఊచల్లోంచి అన్నయ్య కనిపించాడు. రెండు రోజులుగా ఆమెతో మాట్లాడని అన్నయ్య వ్యాన్ ముందు రోడ్డు మీద చతికిలబడ్డాడు. పక్కన పెద్దమ్మ కూర్చుంది, ఆ పక్కన ఫిట్టర్. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు.

"భయపడకే చెల్లీ!" అన్నయ్య అరిచాడు. "మేమిక్కడే ఉన్నాం!"

లాఠీలు లేచాయి. దారి చేసుకోవడానికి పోలీసులకు రెండు గంటలు పట్టింది. పద్నాలుగు మందిని తీసుకుపోయారు. ఫిట్టర్‌కు చెయ్యి విరిగింది.

సోమవారం సభలో మంత్రి నిరుద్యోగం సగానికి తగ్గిందన్న నివేదిక చదవనే చదివాడు. అదే సమయానికి పక్క రెండు పట్టణాల్లో సర్వేవాళ్లు కలాలు కింద పెట్టి ఆఫీసుల్లోంచి బయటికి నడిచారు.