ఒక్క తట్ట మట్టి

ఆ వాక్యాన్ని చంపింది మీరే, పదకొండు మంది. పేర్లు ఇక్కడ రాయనక్కర్లేదు, మీకు తెలుసు. ఆ సమయానికి మీ చేతుల్లో ఏమున్నాయో కూడా మీకు తెలుసు. జై కొట్టడానికి ఎడమచేతి పిడికిలి, కోడికాలు పట్టుకోవడానికి కుడిచెయ్యి. వాక్యాన్ని చంపడానికి మూడో చెయ్యి కావాల్సివచ్చింది. దానికి గిరిజ చేతిని వాడుకున్నారు.

గిరిజ మీ డల్లాస్ తెలంగాణ సంఘానికి టైపిస్టు. అలాంటి పదవి సంఘం నిబంధనల్లో లేదు. అధ్యక్షుడున్నాడు, ముగ్గురు ఉపాధ్యక్షులున్నారు, సాంస్కృతిక కార్యదర్శి ఉన్నాడు, ఆయనకు ఒక సహాయకుడున్నాడు. కంప్యూటర్లో తెలుగు కొట్టడం మాత్రం ఆమెకొక్కదానికే వచ్చు. పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది. వారమంతా మిషన్ల తప్పులు పట్టి, ఆదివారం వచ్చి ఉపాధ్యక్షుల ఒత్తులూ దీర్ఘాలూ దిద్దేది.

అది 2013 సెప్టెంబరు. తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నోటిమాట అన్నది, బిల్లింకా పెట్టలేదు. అక్టోబరులో ఒక ఎమ్మెల్యే అమెరికా చూడ్డానికి వస్తున్నాడు. ప్రవాసుల మద్దతు కూడగట్టడానికని పేపర్లో వేశారు. ఆయన చేతిలో పెట్టడానికి ఒక తీర్మానం కావాలి. అందుకని అధ్యక్షుడు ధర్మారావు ఇంట్లో సమావేశం, పేరుకి. అసలుది బిర్యానీ.

ధర్మారావుది కొత్త ఇల్లు. ఫోర్ట్‌వర్త్‌కి ఉత్తరాన పెకన్ మెడోస్ అనే కాలనీ. వెనక కంచె దాటితే కనుచూపు మేర గడ్డి. వచ్చినవాళ్లందరినీ మొదట పెరట్లోకి తీసుకెళ్లి, ఆ గడ్డి తనే మొలిపించినట్టు చూపించేవాడు.

తీర్మానంలో పన్నెండు వాక్యాలు. మా బొగ్గు మాకే, మా నీళ్లు మాకే, మా కొలువులు మాకే. ఒక్కొక్క వాక్యం చదవడం, ఒక్కొక్క జై కొట్టడం. పన్నెండో వాక్యం దగ్గర ధర్మారావు గొంతు ఆగింది.

'బొగ్గు మీద కూర్చున్న ఊరి గ్రామసభ ఒప్పుకోకుండా ఆ ఊరిలో ఒక్క తట్ట మట్టి తీయరాదు.'

"చెల్లె, ఇదేంది మధ్యల?"

"మధ్యల కాదన్నా, ఆఖర్ల."

"ఎవరు పెట్టమన్నరు?"

"నల్లవాగుపల్లె పెట్టమన్నది."

నల్లవాగుపల్లె గిరిజ చిన్నమ్మ ఊరు. ఆదిలాబాద్ జిల్లాకు తూర్పున, గోదావరి దగ్గర. గిరిజ నాన్న బ్రహ్మయ్య ఆ పక్క బొగ్గుబాయిలోనే ఇరవై ఏడేళ్లు బొగ్గు ఎత్తాడు. అప్పట్లో బాయి ఊరి కిందినుంచి పోయేది, ఊరు పైన ఊరులాగే ఉండేది. ఇప్పుడు బొగ్గు కంపెనీకి కింద దూరే ఓపిక లేదు. ఓపెన్‌కాస్ట్ అంటున్నారు. అంటే కుండ మీద మూత తీసినట్టు ఊరినే తీసి పక్కన పెడతారు. అక్టోబరు ఇరవై రెండున ఆ ఊళ్లో ప్రజాభిప్రాయ సభ. ప్రజలు అభిప్రాయం చెప్తారు, అధికారులు రాసుకుంటారు, మర్నాడు బుల్‌డోజర్ వస్తుంది.

చిన్నమ్మ కొడుకు ఉదయ్ అక్కడే మోటర్లు బాగుచేస్తాడు. ఫోన్ చేశాడు.

"అక్కా, మాకు కోట్లు అద్దు, కొలువులు అద్దు. మీ దగ్గరికస్తున్న మా ఎమ్మెల్యే సభకచ్చి కూసొని 'ఊరోళ్లు అద్దంటే అద్దు' అనాలె, గంతే. మేం పది మాట్లు పోయినం, ఇంట్ల లేడన్నరు. అమెరికోళ్లు చెప్తె ఇంటడట. మీ కాగితంల గీ ముచ్చట రాయిండ్రి."

నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి మాట వినపడని చెవికి, సముద్రాల అవతలినుంచి డల్లాస్ మాట వినపడుతుంది. తప్పు చెవిది కాదు. డల్లాస్‌లో శాలువా కప్పుతారు.

ఇదంతా గిరిజ ఆ పదకొండు మందికీ చెప్పింది. ధర్మారావు ఓపిగ్గా విన్నాడు. మంచివాడు. ఎవరు ఏం చెప్పినా వింటాడు, తర్వాత తను అనుకున్నది చేస్తాడు.

"ముందుగాల రాష్ట్రం రానీ చెల్లె. వచ్చినంక మన బొగ్గు, మన సర్కారు, మన ఆఫీసర్లు. అన్నీ మనయే అయినంక ఇగ అడిగేదెవరు, అడిగించుకునేదెవరు?"

"నా భయం గదేనన్నా."

అందరూ నవ్వారు. జోక్ అనుకున్నారు.

"డిలీట్ చెయ్ చెల్లె. ఎమ్మెల్యే ఫీలైతడు."

గిరిజ డిలీట్ చేసింది. చేసి, వేరే ఫైల్లో దాచుకుంది. తప్పులు పట్టే ఉద్యోగంలో మొదట నేర్పేది అదే, దేన్నీ పూర్తిగా పారెయ్యకూడదని.

ఆ రోజు బిర్యానీ తిన్న పన్నెండో మనిషి విశ్వనాథం. గుంటూరాయన, సమైక్యవాది, పక్కింటివాడు. ఆయన ఇల్లూ అదే నమూనా, కాకపోతే అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారు. సిద్ధాంతం కూడా అంతే. ప్రతి సమావేశానికీ వచ్చి, సంఘం బిర్యానీ తిని, సంఘాన్నే తిట్టేవాడు.

"కలిసుంటే కాదండీ కలదు సుఖం? బొగ్గు మీ ఊళ్లో ఉంటే మీదైపోద్దా? దేశానిది! ఇలా ఎవడికి వాడు విడిపోతే రేపు టెక్సాసు కూడా పోతానంటుంది."

"పోనీ అంటున్నరు గద!" అన్నాడు ధర్మారావు. ఫోన్ తీసి ఫొటో చూపించాడు. గడ్డి మైదానానికి అవతల పాత ఇంట్లో ఉండే బిల్ అనే ముసలాయన పికప్ ట్రక్ అది. వెనక అద్దం మీద 'టెక్సాస్ విడిపోవాలి' అని స్టిక్కర్. కిందటి ఏడు లక్షమందికి పైగా టెక్సాస్‌ని వేరే దేశం చెయ్యమని వైట్‌హౌస్ వెబ్‌సైట్లో సంతకాలు పెట్టినప్పుడు బిల్ కూడా పెట్టాడు. ట్రక్ పక్కన ధర్మారావు పిడికిలి ఎత్తి నిలబడ్డాడు. ఆ ఫొటోని 'ఎక్కడైనా ఒకటే పోరాటం' అని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. "ఆయిల్ వీళ్లది, పెత్తనం వాషింగ్టన్‌ది. మనసొంటోడే!"

"టెక్సాసు వేరే దేశమైతే మీ గ్రీన్‌కార్డు ఎవరిస్తారండీ? బిల్ ఇస్తాడా?"

ధర్మారావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏడేళ్లుగా ఆ కార్డు కోసం లైన్లో ఉన్నాడు మరి.

రెండు వారాలు తిరిగాయి. ఒక సోమవారం గడ్డిలోకి ట్రక్కులు వచ్చాయి. మంగళవారం ముప్పై అడుగుల ఎత్తున గుడ్డగోడ లేచింది. బుధవారానికి గోడ మీదుగా ఇనుప గోపురం ఒకటి తల ఎత్తి ధర్మారావు వంటింట్లోకి చూసింది. గ్యాస్ బావి. ధర్మారావు భార్య కృష్ణవేణి స్టవ్ మీద పెట్టిన గిన్నె ఆ అదురుకి తనంతట తనే నడవడం మొదలుపెట్టింది.

గిరిజకు ఫోన్ వచ్చింది. ఈసారి అధ్యక్షుడి గొంతులో ఉపన్యాసం లేదు.

"చెల్లె, ఒక్కసారి రావా! మా ఇంటెన్క తవ్వుతున్నరు! మమ్ముల అడగకుండ! ఇల్లు నాది, భూమి నాది, అడగద్దా?"

గిరిజ వెళ్లింది. ఇల్లు కొన్నప్పటి కాగితాల కట్ట తీయించింది. గోడమీద ఆ రోజు ఫొటో వేలాడుతోంది. ఇళ్ల రిజిస్ట్రేషన్లు చూసే టైటిల్ కంపెనీ ఆఫీసులో ధర్మారావు తాళంచెవి పట్టుకుని నవ్వుతున్నాడు. ఫొటోలో నవ్వుతున్న మనిషి బల్లమీది కాగితాలు చదవలేదని కాగితాలు చూస్తేనే తెలుస్తుంది. నలభై మూడో పేజీలో రాసి ఉంది, ఈ స్థలం కింద ఉన్న ఆయిలూ గ్యాసూ సమస్త ఖనిజాలూ మొదటి యజమానికే శాశ్వతంగా చెందుతాయని. కింద ధర్మారావు సంతకం, ఇంటిపేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలు. విశ్వనాథం పరుగున వెళ్లి తన కట్ట తెచ్చాడు. అదే పేజీ, అదే ముత్యాలు.

మొదటి యజమాని ఎవరయ్యా అంటే, బిల్.

ముగ్గురూ కలిసి వెళ్లారు. బిల్ మర్యాదస్తుడు. వరండాలో కూర్చోబెట్టి చల్లటి టీ ఇచ్చాడు.

"బిల్డర్‌కి నేనమ్మింది గడ్డి. మీకు వచ్చిందీ గడ్డే. కింద ఉన్నది మా తాతది. టెక్సాస్ గ్యాస్ టెక్సాస్ వాళ్లదేనని నేనెప్పుడూ చెప్తూనే ఉన్నాగా!" అన్నాడు.

"మేమూ టెక్సాస్ వాళ్లమే కదా" అన్నాడు ధర్మారావు.

బిల్ నవ్వాడు. వెటకారంగా కూడా కాదు, పసిపిల్లవాడు చంద్రుణ్ణి తెచ్చిపెట్టమంటే నవ్వినట్టు. ఇంకాస్త టీ పోశాడు.

ఆదివారం మళ్లీ సమావేశం. ఈసారి పదకొండు మంది కాదు, కాలనీలో తెలుగువాళ్లందరూ వచ్చారు, ఆంధ్రా తెలంగాణా కలిసి. ఏ తీర్మానమూ చెయ్యలేని పనిని ఒక డ్రిల్లింగ్ మిషను చేసింది. విశ్వనాథం అందరికంటే ముందు లేచాడు.

"మనం ఈ టౌన్‌లో నుంచి విడిపోవాలండీ! మన కాలనీ వేరు, మన కౌన్సిల్ వేరు! టౌన్ వాళ్లకి పర్మిషన్ ఇచ్చే హక్కెక్కడిది?"

"కలిసుంటే సుఖం కదా విశ్వనాథంగారూ" అంది గిరిజ.

"ఇది వేరండీ. ఇది మా ఇల్లు."

టౌన్ కౌన్సిల్‌కి ఇవ్వాల్సిన అర్జీ రాసుకురమ్మని గిరిజకు ముందే చెప్పి ఉంచారు. రాసుకొచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించింది. 'గ్యాస్ మీద కూర్చున్న కాలనీవాళ్లు ఒప్పుకోకుండా ఈ కాలనీ చుట్టూ ఒక్క తట్ట మట్టి తీయరాదు.'

"అబ్బ!" ధర్మారావు తొడ చరిచాడు. "ఏం పాయింట్ పట్టినవ్ చెల్లె! ఒక్క తట్ట! ఎట్ల తోచిందే నీకు?"

వంటింటి గుమ్మంలోంచి కృష్ణవేణి అంది, "మొన్న మీరు కొట్టేయించిందే గదా అది."

ఆమె వెనక గిన్నెలు మోగుతూనే ఉన్నాయి.

గిరిజ కాగితాన్ని తిరగేసింది. ముందువైపు తెలంగాణ తీర్మానం, పన్నెండు వాక్యాలు. వెనకవైపు కాలనీ అర్జీ. సంతకాల గళ్లు వెనకవైపు అడుగున మాత్రమే ఉన్నాయి, రెంటికీ కలిపి.

"ఇదేంది, రెండూ ఒక్కదాని మీద?"

"ఒక్కటే మాటన్నా. రెండు కాగితాలెందుకు?"

"ఎమ్మెల్యే శనివారం వస్తుండు, చెల్లె. గిదెట్ల ఇస్తం? ప్రతి ఊరు అద్దంటే రాష్ట్రం నడిచేదెట్ల? అందరు కలిసుండాలె గద!"

విశ్వనాథం గొంతు సవరించుకున్నాడు. "ధర్మారావుగారూ, ఆ డైలాగ్ నాదండీ."

ఎవరూ నవ్వలేదు. గోడమీద తాళంచెవి ఫొటో పక్కకి ఒరిగింది. కృష్ణవేణి వచ్చి సరిచేసింది, మళ్లీ ఒరిగింది.

గిరిజ పెన్ను మూత తీసి ధర్మారావు ముందు పెట్టింది. నల్లవాగుపల్లెలో అప్పుడు తెల్లారి ఉంటుంది. ఉదయ్ ఫోన్ పక్కనే పెట్టుకుని మోటరు విప్పుతూ ఉంటాడు. సభకి ఇంక పదహారు రోజులు.

"అన్నా, తెలంగాణ రావాలె. నేను గూడ జై అన్న, ఇంకా అంట. మీరు ఆంధ్రానుంచి ఇడిపోవచ్చు. బిల్ అమెరికానుంచి ఇడిపోతనంటడు. విశ్వనాథంగారు టౌన్‌నుంచి ఇడిపోతనంటుండు. అందరికి హక్కుంది. ఊరి దాకా వచ్చేసరికి హక్కు అయిపోయిందా? రాష్ట్రం వచ్చి, బుల్‌డోజర్ మీద బోర్డొక్కటి మారితే మా చిన్నమ్మ ఇంటికి ఒరిగేదేంది? ఇగో, ముందువైపు చదువుండ్రి, పైకి చదువుండ్రి, అందరు ఇనాలె. పన్నెండోది మింగొద్దు. చదివినంక ఎనక సంతకం. ఒక్కవైపే కావాలంటే నేను ఇయ్య, చించుకుంటె రెండు పోతయ్. శనివారం శాలువా కప్పకముందే మైకుల ఈ వాక్యం చదివి ఎమ్మెల్యే చేతిల పెట్టుండ్రి. ఇరవై రెండుకు వచ్చి ఊరి ముందల కూసుంటనని ఆయన నోటితోటి అనిపియ్యుండ్రి. కూసుండు అన్నా. పేరు పూర్తిగా పెట్టు, ఇల్లు కొన్ననాడు పెట్టినట్టే. ఈసారి చదివి పెట్టు."