డాలా మీద మూడో దెబ్బ

మా ఆయన బండికి కొత్తగా రెండు రివర్స్ లైట్లు పెట్టించాడు. ఆ రోజు నుంచి నా నెత్తిన ఇద్దరు సవతులు వచ్చి కూర్చున్నట్టే ఉంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నా కడుపుమంట నాది.

మాది మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ ఊరు. మా ఆయన హన్మంతుకు ఉన్నది ఒక్క పికప్ బండి. ఎంకపల్లిలో నిర్మలమ్మ గారి బంతితోటలో తెల్లవారకముందే పూల సంచులు ఎక్కించుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వేస్తాం. తోటలో బండి తిప్పుకునే జాగా లేదు. ఒక పక్క ముళ్లకంచె, ఇంకో పక్క నీటి గుంట. అందుకని రోడ్డు మీద నుంచే రివర్స్‌లో పోవాలి. నేను వెనక నడుస్తూ డాలా మీద, అంటే బండి వెనక తలుపు మీద, అరచేత్తో చరుస్తాను. ఒక దెబ్బ కొడితే రమ్మని, రెండు కొడితే ఆగమని. పాత బల్బులు వెలిగినా ఒకటే, వెలగకపోయినా ఒకటే. పదకొండేళ్లుగా ఆయన నా చేతిని నమ్ముకునే బండిని వెనక్కి తెచ్చాడు.

ఆ పని ఉంది కాబట్టే నాకు బండిలో సీటుంది. ఇంటికి చేరితే ఆయన లోకం ఆయనది, నా బర్రెలు నావి, మధ్యలో మా అత్త. మా ఇద్దరికీ మాట కలిసేది ఆ బండిలోనే. వచ్చేటప్పుడు మొయినాబాద్‌లో చాయ్ తాగుతాం. ఆయన తన గ్లాసులో సగం నా గ్లాసులోకి వంచుతాడు. దినం మొత్తంలో నాదంటూ ఉన్నది అదొక్కటే.

మొన్న వానాకాలంలో గుంట గట్టు మీద నా కాలు జారింది. లేచి రెండు దెబ్బలు కొట్టాను, బండి ఆగింది. ఒక చెప్పు బురదలో పోయింది. జారానని చెబితే రేపటి నుంచి రావద్దంటాడేమోనని, చెప్పు తెగితే పారేశానని చెప్పాను. మర్నాడు అడక్కుండానే కొత్త జత తెచ్చాడు. ఆయన ఏమీ అడగలేదు, నేనూ అంతటితో మరిచిపోయాను.

ఆ తర్వాత మొదలైంది ఈ చేవెళ్ల పిచ్చి. అక్కడ కృపాజ్యోతి అని ఒకామె బండ్ల వైరింగ్ చేస్తుంది. వారంలో మూడుసార్లు ఆమె షాపుకే పోయాడు. కృపాజ్యోతి బ్యాటరీ నుంచి వేరే వైరు లాగిందట. కృపాజ్యోతి రిలే పెట్టిందట, ఫ్యూజు పెట్టిందట, వైరు కాలే భయమే లేదట. అన్నం ముందు కూర్చున్నా అదే పాట. నేను వండిన చారు గురించి ఈ జన్మలో ఒక్క ముక్క అనని మనిషి, ఆమె చుట్టిన టేపు ఎంత నున్నగా ఉందో చెబుతుంటే నాకు ఒళ్లు మండదా? బానెట్ లేపి ఆ ఫ్యూజు కూడా చూపించాడు. చింతగింజంత ఉంది. లైట్లను చూస్తే రెండూ నేలచూపులు చూస్తున్నాయి. తిన్నగా బిగించడం కూడా రాదా మీ కృపాజ్యోతికి అన్నాను. ఆయన బానెట్ దించేశాడు.

మొదటి రోజే నా పరువు పోయింది. రివర్స్ గేరు వేయగానే తోటంతా పట్టపగలైంది. నేను చెయ్యెత్తేలోపే బండి గుంట దాటి సంచుల దగ్గర నిలబడింది. నిర్మలమ్మ గారు అరుగు మీద నుంచి నన్ను చూసి, ఇక సమతతో పనేముంది, ఇంటి దగ్గర పడుకోనియ్యి అన్నారు. మా ఆయన నవ్వాడు. కాదని అనలేదు, ఉత్తగా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు చాయ్ కూడా దిగలేదు.

ఆ సాయంత్రం ఆయన స్నానానికి పోయినప్పుడు బానెట్ లేపి ఫ్యూజు పీకి కొంగుకు ముడి వేసుకున్నాను. తప్పని తెలుసు. తెలిసే చేశాను.

మర్నాడు తోట దగ్గర గేరు వేశాడు. వెనకంతా చీకటి. నాకు పండగలా ఉంది. గబగబా దిగి వెనక్కి పోయి ఒక దెబ్బ చరిచాను. బండి కదల్లేదు. మళ్లీ చరిచాను. ఆయన ఇంజన్ ఆపి దిగివచ్చి, బండెక్కి కూర్చోమన్నాడు. సంచులన్నీ రోడ్డు మీదికి మోసుకురమ్మని తోటలోకి కేకేశాడు.

కూలి ఆడవాళ్లు గొణుక్కుంటూ మోశారు. నాలుగో సంచికే నిర్మలమ్మ గారు టార్చి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. మార్కెట్ టైం దాటిపోతే ఈ పూలు ఎవరికి కావాలని ఆమె కోపం.

"పదకొండేండ్ల సంది లైట్లు లేకుంటనే వచ్చినవ్ గదా హన్మంతూ. ఇయ్యాల ఏమొచ్చింది?"

ఆయన తల దించుకున్నాడు. క్యాబిన్‌లో నేను వింటున్నానన్న సంగతి మరిచాడో, వినాలనే అన్నాడో తెలియదు.

"వానల్ల మా సమత గీ గట్టు మీద జారిందమ్మా. నాకు చెప్పలే. తెల్లారినంక సంచి మరిచిన్నని మల్లొస్తే బురదల ఆమె చెప్పు దొరికింది. దాని మీద నా టైరు అచ్చున్నది. కాలు ఎంత దూరంల తప్పిందో ఆ దేవునికే ఎరుక. గందుకే కృపాజ్యోతికి చెప్పిన, లైట్లు కిందికి వంచి పెట్టమని. నా భార్య కాళ్లు కనవడాలె అన్న. అవి కనవడకుంట నేను బండి ఎనకకు తియ్య."

వంగి నా కాళ్లు చూసుకున్నాను. ఆ చెప్పు మీద టైరు ఎక్కిందని నాకు తెలియదు.

దిగాను. కొంగు ముడి విప్పి ఫ్యూజు ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నిర్మలమ్మ గారి ముందు తిడతాడనుకున్నాను. తిట్టినా పడాల్సిందే.

"ఇగ నేను ఇంటికాడనే ఉంట తియ్యి" అన్నాను.

"ఉంటే నాకు ఆగుడెట్ల తెలుస్తది?" అన్నాడు. "నడువు, ఎనకకు."

ఫ్యూజు పెట్టి గేరు వేశాడు. తెల్లటి వెలుగు వచ్చి సరిగ్గా నా పాదాల మీద పడింది. కొత్త చెప్పుల పట్టీలు కూడా కనిపిస్తున్నాయి. కళ్లు తుడుచుకుని ఒక దెబ్బ కొట్టాను. బండి మెల్లగా నా వెంట వచ్చింది.

కానీ ఒక్క మాట. ఇంత భయాన్ని చేవెళ్ల పోయి ఆమెకు చెప్పుకున్నాడే, పక్క సీట్లో ఉన్న నాకు చెప్పలేదే! నా కాళ్ల సంగతి నాకంటే ముందు ఆ కృపాజ్యోతికి తెలిసింది. ఆ మంట ఎట్లా చల్లారుతుంది?

సంచుల దగ్గరికి చేరాక ఆగమని రెండు దెబ్బలు కొట్టాను. మూడోది మాత్రం కృపాజ్యోతి పేరు మీద కొట్టాను.