గుత్తివంకాయ కేసు

నేను ఒక బోనును. హడలిపోకండి, ఉత్తుత్తి బోనునే. యూనివర్సిటీ లా కాలేజీలో పిల్లలు ఉత్తుత్తి కేసులు పెట్టుకుని వాదన నేర్చుకునే గదిలో ఉండేది నా కాపురం.

పుట్టినప్పుడు నాకీ హోదా లేదు. వడ్రంగి నన్ను ఎగ్జిబిషన్లో టికెట్లమ్మే గూడుగా చేశాడు. మీసాలు మొలిచిన కొడుకుని నా ముందు నిలబెట్టి, “వీడికి ఐదేళ్లేనండీ, అర టికెట్టివ్వండి” అనేవారు తండ్రులు. తర్వాత కాలేజీవాళ్లు కొని, కప్పు పీకేసి, చుట్టూ కటకటాలు బిగించి నన్ను బోనుని చేశారు. అబద్ధాలు వినే ఖర్మ మాత్రం తప్పలేదు.

అలా ఉండగా మందాకిని వచ్చింది. పొద్దున లా, మధ్యాహ్నం సైకాలజీ చదివే పిల్ల. ప్రిన్సిపాల్ సోమయాజులు గారికి అది గిట్టదు. “రెండు పడవల మీద కాళ్లేంటమ్మా? లాయరన్నాక గద్దించాలి, బుజ్జగించడమేంటి? రేపటి వాదనలో గెలిస్తే రెండూ చదువుకో. ఓడావో, సైకాలజీకి దణ్ణం పెట్టెయ్” అని తేల్చేశారు. ఆ పిల్లకి రెండూ ప్రాణం. నా కటకటాలు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటే, చెక్కనైన నాకే మనసు చివుక్కుమంది.

మర్నాడు జడ్జిగా ఆయనే కూర్చున్నారు. హాస్టల్లో సైకిలు దొంగతనం కేసు. మందాకిని ముద్దాయి తరపున వాదించాలి. దొంగతనం కళ్లారా చూశానని చెప్పాల్సిన సాక్షి ఆమె క్లాసువాడే, చలపతి. నాలోకి ఎక్కీ ఎక్కగానే వాడు తల దించేశాడు. జడ్జి వైపు చూడడు.

మందాకిని గద్దించలేదు. దగ్గరికొచ్చి, “ఏదో మనసులో పెట్టుకుని కుమిలిపోతున్నావు చలపతీ. పర్లేదు, చెప్పు” అంది.

అంతే, వాడు భోరుమన్నాడు. “సైకిలు సంగతి నాకేం తెలీదు! ప్రిన్సిపాల్ గారి క్యారేజీలో గుత్తివంకాయ కూర నెల్లాళ్లుగా నేనే తింటున్నా!”

గదంతా ఘొల్లుమంది. సోమయాజులు గారు మాత్రం గబగబా దిగొచ్చి, వాణ్ణి పక్కకి నెట్టి, తనే నాలోకి ఎక్కేశారు. “ఓరి నీ దుంపతెగ! ఖాళీ గిన్నె పంపుతోందని మా ఆవిడతో నెల్లాళ్లుగా మాటల్లేవురా!” అంటూ నా కటకటాలు పట్టుకుని బావురుమన్నారు.

అప్పుడు గద్దించింది మందాకిని. “ఆవిణ్ణి క్షమాపణ అడుగుతారా, లేదా? అవునో కాదో చెప్పండి!”

“అడుగుతానమ్మా, ఇవాళే అడుగుతాను” అన్నారాయన, చేతులు కట్టుకుని. బోనులో నిలబడే తీర్పు కూడా చెప్పేశారు. “సాక్షి ఏమీ చూళ్లేదు. ముద్దాయి నిర్దోషి. నువ్వు రెండూ చదువుకో తల్లీ.”

ఏళ్లు గడిచాయి. కొత్త బోను రాగానే నన్ను పాత సామాన్లలో పారేయబోతే, అప్పటికి ఆ కాలేజీలోనే లెక్చరరైన మందాకినే తన గదికి తెచ్చుకుంది. ఇప్పుడామె ఇక్కడే రెండు పాఠాలూ చెబుతోంది. మనసులో బరువున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి నాలో నిలబడి చెప్పుకుపోతారు.

మొన్న సోమయాజులు గారి భార్య వచ్చింది. అటూ ఇటూ చూసి, “ఆ నెల్లో ఓ నాలుగురోజులు నేను నిజంగానే కూర పెట్టలేదమ్మా, బద్ధకించి. పాపం, ఆయనేమో కాళ్లావేళ్లా పడ్డారు. ఆయనతో అనకేం?” అంది.

మందాకిని పగలబడి నవ్వింది. నేను మాత్రం కిక్కురుమనలేదు. ఎంతైనా బోనును, సాక్షిని కాను.