ఆపేసిన పన్నెండు నిమిషాలు

సినిమా మొదటినుంచి చివరిదాకా చూడాల్సిందేనని గడియారాల పెద్దాయన పట్టుబట్టేసరికి ఆమె భర్త వైపు చూసింది.

శనివారం మధ్యాహ్నం. ప్రార్థన మందిరం వెనక పిల్లల గది. వెలుగు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టారు. పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకరు పాస్టరుగారు, ఆమెకు స్వయానా మామగారు. రెండో ఆయన బజారులో గడియారాలు బాగుచేస్తారు, సంఘపెద్ద. ఆమె పాఠంలో చూపించిన సినిమా మీద ఫిర్యాదు ఆయనదే. ల్యాప్‌టాప్ దగ్గర ఆమె భర్త నిలబడ్డాడు.

ఆమెది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. శనివారాలు మాత్రం సంఘంలో పెద్ద పిల్లలకు పాఠం చెబుతుంది. ఆమె రాకముందు ఆ తరగతికి నలుగురు వచ్చేవారు, ఆ నలుగురూ ఆవలించేవారు. ఆమె మాయలోకాల కథలు, అందరూ ఎగబడి చూసిన సినిమాలు తెచ్చి, "ఇందులో యేసయ్య ఎక్కడ దాక్కున్నాడో పట్టుకోండి చూద్దాం" అనేది. ఏడాది తిరిగేసరికి పదకొండు మంది అయ్యారు. పేరు కూడా పెట్టేశారు, సినిమా టీచర్ అని.

"ఇంట్లో కోడలివి, అక్కడ టీచరువి. తీర్పు దగ్గర నాకు మొహమాటం ఉండదమ్మా," అని పొద్దున కాఫీ తాగుతూనే చెప్పేశారు మామగారు.

సినిమా నడుస్తోంది. ఎండ ఎరగని రాజ్యం. దాన్ని ఏలే ఒక క్రూరమైన రాణి. కొలిమి దగ్గర పనిచేసే కథానాయకుడు. అతని ప్రాణస్నేహితుడు రాణికి అమ్ముడుపోయి, చివరికి ఆమె చేతికే చిక్కి బలిరాతి మీదికి వస్తాడు. "వాణ్ణి వదిలెయ్, వాడి బదులు నేను పడుకుంటాను," అంటాడు కొలిమివాడు.

"చేతులు ఎలా చాపాడో చూడండి మామయ్యా," అందామె. "తప్పు చేసినవాడి బదులు తప్పు లేనివాడు. ఒక్క మాట ఎదురు చెప్పడు."

"చూస్తున్నానమ్మా."

"ఇక్కడిదాకా నాకు పేచీ లేదు," అన్నారు గడియారాలాయన.

తెరమీద కొలిమివాడి శవాన్ని గనిలో దింపి రాయి దొర్లించారు. మూడో రోజు ఆ రాతి సందుల్లోంచి వెలుగు పొడుచుకొచ్చింది. కొలిమివాడు నడుచుకుంటూ బయటికి వచ్చాడు. మామగారు తెలియకుండానే కాస్త ముందుకు వంగారు. తరగతిలో ఆమె ఎప్పుడూ ఇక్కడే ఆపేది.

భర్తకు ఆ సంగతి తెలుసు. ఆమె ముఖం ఒకసారి చూశాడు. బొమ్మ ఆగిపోయింది. లైటు వేశాడు.

"ఇక్కడితో పాఠం అయిపోతుంది నాన్నా."

"పాఠం అయిపోయింది బాబూ, సినిమా కాలేదు," అన్నారు గడియారాలాయన, కుర్చీలోంచి కదలకుండా. "ఇంకా పన్నెండు నిమిషాలుంది. మా మనవరాలు ఇంటికొచ్చి అది కూడా చూసింది."

భర్త వేలు మీటమీదే ఉంది. ఇప్పుడు తను కాదంటే అతను ఆ పెద్దాయనతో తగాదాకైనా దిగుతాడని ఆమెకు తెలుసు. కన్నతండ్రి ముందు అతన్ని అంత ఇరకాటంలో పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"పెట్టండి," అంది.

లేచి వచ్చిన కొలిమివాడు కత్తి పట్టాడు. ఆయుధాలు కింద పడేసినవాళ్లను కూడా వరసపెట్టి నరికాడు. అసలు ఘట్టం ఆ తర్వాత వచ్చింది. బతికి బయటపడ్డ స్నేహితుడు మళ్లీ అమ్ముడుపోయి, శత్రువులకు దారి చూపించాడు. ఇప్పుడొచ్చి కాళ్లమీద పడ్డాడు. "ఈ ఒక్కసారికి క్షమించరా," అన్నాడు. కొలిమివాడు ఒక్క క్షణం చూసి అతని గుండెల్లో కత్తి దింపాడు. సంగీతం ఆకాశానికెగిసింది. హాల్లో జనం ఈలలు వేసిన చోటు అది. ఆ రోజు తను కూడా చప్పట్లు కొట్టింది. అది గుర్తొచ్చి ఆమెకు చెవులు వేడెక్కాయి.

లైటు వేశాక గడియారాలాయన అప్పటిదాకా ఉన్న బింకం వదిలేశారు.

"నేను సినిమాలకి పగవాణ్ణి కాదమ్మా. మా పిల్ల పది రోజులుగా సరిగా తినట్లేదు. పరీక్షలో ఒకసారి కాపీ కొట్టింది. ఏడ్చి ఒప్పుకుంది, ప్రార్థన చేసుకున్నాం. మొన్నామధ్య మళ్లీ కొట్టింది. ఆ రోజే ఈ ముగింపు చూసింది. నన్ను ఏమడిగిందో తెలుసా? 'తాతయ్యా, రెండోసారైతే యేసయ్య కూడా ఇలాగే చేస్తాడా?' అంది. కొలిమివాడే యేసయ్య అని చెప్పింది నువ్వేగా. నేను కాదంటే నమ్మట్లేదు. టీచర్ చెప్పిందంటోంది."

ఆమె పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

"ఎందుకు ఆపేదానివమ్మా అక్కడ?" అడిగారు మామగారు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బావుండుననిపించింది.

"ఆ తర్వాత అందులో ఆయన లేడు మామయ్యా. ఉన్నంతవరకు చూపించి, లేనిచోట నేను కళ్లు మూసుకున్నాను. పిల్లలు కూడా మూసుకుంటారనుకున్నాను. తరగతి పిల్లలతో నిండింది కదా అని సంబరపడ్డాను. ముగింపు గురించి పిల్లల్ని అడిగితే పాఠం పాడవుతుందని భయపడ్డాను. తప్పు నాదే."

మనవరాలు బయట వరండాలోనే ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల. ఎవరూ చెప్పకముందే ఆమె వెళ్లి పక్కన నేలమీద కూర్చుంది. ఆ పిల్ల తలెత్తలేదు.

"కొలిమివాడు ఆ స్నేహితుణ్ణి చంపాడు కదా," అందామె. "అక్కడ ఆ కథ తప్పింది. అది నీకు చెప్పకుండా నేను తప్పాను."

"మరి బలిరాయి మీద పడుకున్నప్పుడు?"

"అక్కడ పోలిక ఉంది. ముగింపులో లేదు. సినిమా తీసినవాళ్లకి ఈలలు కావాలి, అందుకే కత్తి ఇచ్చారు. ఆయన్ని ఎరగనే ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడున్నాడు కదా. ఆయన లేచి వచ్చాక వాడితో ఎలా ఉన్నాడో గుర్తుందా?"

పిల్ల తలెత్తింది. "ఒడ్డున చేపలు కాల్చి పెట్టాడు."

"ఊఁ. తిన్నాకే మాట్లాడాడు."

"తిట్టలేదా?"

"ప్రేమిస్తున్నావా అని అడిగాడు. మూడుసార్లు. తన మందను మేపమని పని కూడా అప్పగించాడు."

ఆ పిల్ల చప్పుడు లేకుండా ఏడ్చింది. తర్వాత, "మా లెక్కల మేడంకి చెప్తే సున్నా వేస్తుంది," అంది.

"వేస్తుంది. నేను కూడా వస్తాను కావాలంటే."

"వద్దు. నేనే చెప్తా."

మామగారు ఆ సాయంత్రం తీర్పు చెప్పారు. తరగతి నెల రోజులు మూసెయ్యాలి. ఆ నెలలో ఆమె పదకొండు ఇళ్లకూ వెళ్లి, తను దాచిన ముగింపు సంగతి పిల్లలకూ పెద్దలకూ తన నోటితోనే చెప్పుకోవాలి. తరవాత కావాలంటే తరగతి తెరవచ్చు. సినిమా కూడా చూపించొచ్చు, మొత్తంగా చూపిస్తేనే. ఎక్కడ పోలిక ఉంది, ఎక్కడ లేదు, రెండూ పిల్లలతోనే చెప్పించాలి.

భర్త ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

మొదటి ఇంట్లో నవ్వి ఊరుకున్నారు. మూడో ఇంట్లో ఒక తల్లి గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. అయిదో ఇంటివాళ్లు మా పిల్లని ఇక పంపం అన్నారు, అన్నట్టే మళ్లీ పంపలేదు. లెక్కల మేడం సున్నా వేసిందట. ఆ కబురు మోసుకొచ్చిన గడియారాలాయన కొట్టు ముందే మూసేసి వచ్చారు.

"ఇంకా ఎన్ని ఇళ్లున్నాయమ్మా?"

"నాలుగు, బాబాయిగారూ. వాటిలో ఒకటి చాలా కష్టం."

"అయితే ముందు అక్కడికే పద," అని ఆయన చెప్పులు తొడుక్కున్నారు.