వెంకటరాజం వేలు

పొద్దున్నే మగ్గం గుంటలోకి దిగే ముందు వెంకటరాజం తన వేలు తీసుకెళ్లి కోడలి చేతిలో పెట్టడం సరోజనకు బొత్తిగా గిట్టేది కాదు. ఊరికే పెడితే ఓర్చుకునేదేమో. నవ్వుతూ పెట్టేవాడు. షుగర్ వచ్చినప్పటి నుంచి ఆ మనిషి భార్య చేతి మీదుగా మందుబిళ్ల మింగిన ప్రతిసారీ ముఖం వంకరగానే పెట్టాడు. ఇన్నేళ్లూ ఈ నవ్వును ఎక్కడ దాచుకున్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ ఇంట్లో అతని షుగర్ ఆమె సొత్తు. కొత్తవాడలో ఎవరినడిగినా చెబుతారు. పొద్దున అతని కళ్లు చూసి, పెదవులు చూసి, మగ్గం చప్పుడు విని, "ఇయ్యాల ఎక్కువున్నది, అన్నం సగమే" అని తేల్చేసేది. అతను మారు మాట్లాడకుండా సగమే తినేవాడు. మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడె తడబడిందంటే చాలు, షుగర్ పడిపోయిందని బెల్లం ముక్కతో గుంట దగ్గర నిలబడేది. దవాఖానలో డాక్టర్ ఏదైనా అడిగితే వెంకటరాజం భార్య వైపు చూసేవాడు, జవాబు ఆమె చెప్పేది. అందులో ఆమెకు గర్వముండేది. ఎందుకుండకూడదు?

అలాంటి ఇంటికి కొడుకు శ్యాంసుందర్ పరకాల నుంచి నవతను పెళ్లి చేసుకుని తెచ్చాడు. పత్తి పండించే వాళ్లింటి పిల్ల, కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. దేని మీదయ్యా అంటే, షుగర్ కొలవడం మీద. లోకంలో ఇన్ని రోగాలుండగా ఈ పిల్లకు షుగరే దొరకాలా అని సరోజన లోలోపల ఉడికిపోయింది.

నవత పని కూడా వింతగానే ఉండేది. నూలు పోగుకు నల్లగా కార్బన్ పూత పూసి, దాని మీద రాగి ఆక్సైడ్ నలుసులు అంటించేది.

"ఒక్కొక్క నలుసు వెంట్రుక మందంల వెయ్యో వంతు గూడ ఉండది అత్తమ్మా" అని ఒకసారి ఓపిగ్గా చెప్పింది. "అంత సన్నగ జేస్తే ఇంత పోగు మీదనే మస్తు జాగ దొరుకుతది. షుగర్ వచ్చి తగిల్తే కరెంట్ పుడ్తది. ఎంత షుగరుంటే అంత కరెంట్. మిషన్ దాన్నే లెక్కబెడ్తది."

"ఆ లెక్క నేను ఉత్త కండ్లతోని బెడ్త" అంది సరోజన.

దుకాణంలో దొరికే షుగర్ పట్టీలు ఎండకు పాడవుతాయనీ, తన దారం పాడవదనీ నవత చెప్పిన మిగతా మాటలు ఆమె వినిపించుకోలేదు. మామ రక్తం చుక్కను చిన్న సీసాలోని మందునీళ్లలో కలపడం, అందులో దారం ముంచి అంకె చూడడం, దుకాణం మిషన్ అంకెతో పోల్చడం, ఇదీ రోజూ జరిగేది. అందుకు ఒప్పుకుంటూ వెంకటరాజం కాలేజీ కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. భార్యను ఒక్కమాట అడగలేదు. ఆ సంతకం ఆమె గుండెలో ముల్లులా దిగింది.

ఒకనాడు నవత వంటింట్లోకి వచ్చింది.

"అత్తమ్మా, మనింటి నూలు జర ఇస్తరా? రంగెయ్యంది కావాలె. మా సార్ ఇక్కడి నూలుతోనే చేసి చూపెట్టుమన్నడు. సోమవారం చూపెట్టకపోతే ఈ పని పక్కకు పెట్టి వేరేది తీసుకోమంటాండు."

ఎన్నాళ్లకు కాళ్ల దగ్గరికి వచ్చావు తల్లీ అనుకుంది సరోజన. ఆ పిల్ల చదువంతా ఇప్పుడు తన చేతి నూలు మీద నిలబడుతుంది. చూపిద్దాం. మంచి తెల్లటి నూలు తీసి, పులిసిన బియ్యపు గంజిని రెండుసార్లు వడపోసి, పలుచగా పట్టించింది. కుంచెతో దువ్వి నీడన ఆరబెట్టింది. నేత ఇంటి నుంచి గంజి లేని నూలు బయటికి పంపడమంటే, తల దువ్వకుండా పిల్లను పేరంటానికి పంపినట్టే. ముట్టుకుంటే గంజి ఉందని తెలియనే తెలియదు, పోగు మాత్రం నిటారుగా నిలబడుతుంది. అదీ ఆమె పనితనం. నవత అడగలేదు, ఆమె చెప్పలేదు. పత్తి పండించే ఇంటి పిల్లకు పత్తి తెలుసు గానీ మగ్గం దాకా వచ్చిన నూలు సంగతి ఏం తెలుసు?

కొత్త దారంతో చూసిన మొదటి రోజే నవత ముఖం వాడిపోయింది. దుకాణం మిషన్ నూట నలభై అంటే దారం మూడు వందలంది. మర్నాడూ అంతే.

"అబద్ధమాడుతాంది నీ దారం" అంది సరోజన తలుపు దగ్గర నిలబడి. "మీ మామకు అంత లేదు. మొఖం జూస్తే తెలుస్తలేదా?"

ఆ పూట ఆమెకు అన్నం రుచిగా తగిలింది. ఇక ఈ తమాషా ముగుస్తుంది, ఆ వేలు మళ్లీ తన దగ్గరికే వస్తుంది అనుకుంది. కానీ వెంకటరాజం కోడలి పక్కనుంచి లేవలేదు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. ఈ వేలు కాకపోతే ఇంకో వేలు జూడు."

అలా అన్ని వేళ్లూ అయ్యాయి. తెగిన పోగు అతుకుతూ నొప్పికి పళ్లు బిగబట్టేవాడు. సరోజనకు ఒళ్లు మండిపోయింది.

"నీ వేళ్లేమన్న అంగట్ల పెట్టినవా? దాని పని గాకపోతే నీకేందయ్యా?"

"పిల్ల సదువు సరోజనా" అన్నాడు నెమ్మదిగా.

తను పురిట్లో ఉన్నప్పుడు కూడా ఈ మనిషి ఇంత నెమ్మదిగా మాట్లాడలేదు. గెలిచిన కోడలి మీద కంటే ఓడిపోయిన కోడలి మీదే అతనికి ప్రేమ ఎక్కువైంది. ఇది ఆమె లెక్కలో లేదు. చెరువు మీద అలిగినట్టు రెండు రోజులు మాట్లాడటం మానేస్తే, అతను అది గమనించినట్టు కూడా లేదు.

ఆదివారం పొద్దున వంటింట్లో రొట్టెలు కాలుస్తుంటే ముందు గదిలోంచి నవత గొంతు వినబడింది. ఫోన్లో తోటి అమ్మాయితో మాట్లాడుతోంది.

"రక్తమే వెయ్యలేదే. ఉత్త మందునీళ్లల్ల ముంచిన. అయినా షుగర్ చూపెడ్తాంది. పూతల ఏం తప్పు జేసిన్నో సమజైతలేదు. రేపు సార్‌కు ఏం మొఖం పెట్టుకొని చూపియ్యాలె?"

సరోజన పొయ్యి మంట తగ్గించింది. రక్తం లేకుండానే షుగర్. బియ్యం, గంజి. పులిసిన గంజిలో తీపి పుడుతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క మాట చెబితే చాలు, ఆ పిల్ల రేపు తలెత్తుకుని కాలేజీకి పోతుంది. చెప్పకపోతే దారమూ పోతుంది, సీసాలూ పోతాయి, పొద్దుటి పూట ఆ నవ్వూ పోతుంది. ఆమె రొట్టె తిరగేసింది. చెప్పదలుచుకోలేదు. నేనేమన్నా కావాలని చేశానా అనుకుంది. అడగందే అమ్మయినా పెట్టదు మరి, అని తనకు తాను న్యాయం చెప్పుకుంది.

అంతలో మగ్గం చప్పుడు ఆగింది.

పోగు తెగినప్పుడు ఆగే తీరు కాదది. సరోజన బెల్లం డబ్బా అందుకుని పరుగెత్తింది. వెంకటరాజం గుంట అంచు మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, చూపు ఎటో ఉంది. దవడ పట్టుకుని బెల్లం పెట్టింది. వెనకే వచ్చిన నవత దుకాణం మిషన్‌తో వేలు చూసి, "యాభై రెండు" అంది.

కాసేపటికి అతను తెప్పరిల్లాడు. పొద్దున ఆమె కట్టి ఇచ్చిన ఉప్మా డబ్బా గుంట పక్కన మూత కూడా తీయకుండా ఉంది. ఆమె దాన్ని చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"బిళ్ల ఏసుకొని తినలేదా?"

"నిన్నటి సంది తింటలేను" అన్నాడు. "జర తక్కువ తింటే ఆ దారంల అంకె తగ్గుతదేమోనని. రేపు పిల్ల చూపెట్టాలె గద."

నవత మామ చేయి పట్టుకుంది. సరోజన లెక్క కట్టుకుంది. అంటే నిన్న తను వడ్డిస్తే అతను పెరట్లోకి తీసుకెళ్లిన పళ్లెంలోని అన్నం పక్కింటి మేక తిన్నదన్న మాట. తన చేతి ముద్ద వదులుకున్నాడు ఈ పిల్ల కోసం.

"గంజి" అంది గట్టిగా. "మీ మామ రక్తంల ఏం లేదు. నీ పూతల తప్పు లేదు. నూలుకు నేను గంజి పెట్టిన. పో, ఉడుకబెట్టి ఉతుక్కో పో."

నవత మిషన్ మూసింది. "సదివినదాన్ని, నూలుకు గంజి పెడ్తరా అని అడగాలె గద అత్తమ్మా నేను" అని, కండువా కంటే మెత్తటి మాట ఒకటి అక్కడ పెట్టి, మిగిలిన నూలు తీసుకుని పెరట్లోకి పోయింది. నాలుగు తిట్లు తిట్టినా సరోజనకు హాయిగా ఉండేది.

గుంట దగ్గర ఇద్దరే మిగిలారు. ఆమె కొంగుతో అతని మెడ తుడిచింది. కడుపులో దాచుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది.

"దాని కాడ ఏమున్నదయ్యా, నా కాడ లేంది? గా దారం కంటే ముందుగాల నేను జెప్త గద నీకు ఎంతున్నదో."

వెంకటరాజం బెల్లం మింగాడు.

"నువ్వు సూసి జెప్తవు సరోజనా. ఆ పిల్ల అడుగుతది. మామయ్యా, ఎట్లున్నది అని."

ఆమె బెల్లం డబ్బాకు మూత పెట్టింది. ఆ మాట తనూ అడగొచ్చు. అడిగితే ఆ పిల్లను చూసి నేర్చుకున్నట్టవుతుంది. అయినా చివరికి అడిగింది.

"ఎట్లున్నది?"

అతను కాళ్లు గుంటలోంచి పైకి తీసుకున్నాడు.

"అరికాళ్లు మండుతానయి" అన్నాడు. "ఏడాదాయె. కాళ్ల కింది పలక తొక్కుతాంటే నిప్పుల మీద తొక్కినట్టున్నది."

"నవతకు జెప్పినవా?"

"లేదు."

ఏడాదిగా మొగుడి కాళ్లు మండుతుంటే తన కళ్లకు ఆనలేదన్న దుఃఖం ఆమెకు ఆ తర్వాత కలిగింది, బాగానే కలిగింది. కానీ ముందుగా, ఆ 'లేదు' వినగానే, ఆమె కడుపు చల్లబడింది.