సున్నాలు వేసిన సాయంత్రం

"తలనొప్పి ఎవరికి రాదే? నీకొక్కదానికే తల ఉందా?" అనేది సిడ్సెల్ వాళ్ళమ్మ గ్రేటె. చిన్నపిల్లల బడిలో పనిచేసే కూతురు నెలకు మూడుసార్లు సెలవు పెట్టి, కర్టెన్లు వేసుకుని, బకెట్ పక్కన పెట్టుకుని పడుకోవడం ఆవిడ కంటికి ఉత్త వేషాలు. నలభై ఏళ్ళొచ్చినా ఆ మాట సిడ్సెల్‌కి చురుక్కుమనేది.

అందుకే కోపెన్‌హాగన్‌లో తలనొప్పి పరిశోధనకి మనుషులు కావాలనగానే ఎగిరి గంతేసి పేరిచ్చింది. అక్కడి డాక్టర్లది వింత పద్ధతి. నొప్పి తగ్గించరు, రప్పిస్తారు. నరాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే పదార్థం ఒకటుంది. దాన్ని సెలైన్‌లో ఎక్కిస్తే పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళలో చాలామందికి కొన్ని గంటల్లో నొప్పి లేస్తుంది. ఒక వారం ఆ పదార్థం, ఇంకో వారం ఉత్త ఉప్పునీళ్ళు. ఏది ఎప్పుడన్నది ఎక్కించే డాక్టర్ ట్రొయెల్స్‌కీ తెలియదు.

"ఇంటికెళ్ళాక గంటగంటకీ ఈ కాగితం మీద నొప్పికి పది లోపు అంకె వెయ్యండి. లేకపోతే సున్నా. ఉన్నది ఉన్నట్టు, అంతే," అన్నాడాయన.

తలనొప్పి రావాలని కోరుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? మొదటి మంగళవారం సిడ్సెల్ ఆ బాపతే. సూది గుచ్చిన కాసేపటికే మొహం వేడెక్కింది. పదార్థం పడితే మొహం ఎర్రబడుతుందని ముందే విని ఉంది, ఇదే అసలుదనుకుంది. సాయంత్రానికి కుడి కణత పోటెత్తింది. వాంతుల మధ్యనే అమ్మకి ఫోన్ చేసింది.

"వచ్చిందమ్మా! సీసాలోంచి వచ్చింది! ఇప్పుడేమంటావ్?"

"రెండోది కూడా కానివ్వు, చూద్దాం. ఉప్పునీళ్ళకీ వస్తే మాత్రం ఇంక నా దగ్గర ఆ మాట ఎత్తకు."

రెండో మంగళవారం ఎదురుగాలిలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చింది. సెలైన్ ఎక్కుతుండగా నర్సు "బుగ్గలు ఎర్రబడ్డాయే" అంటే, "ఫిబ్రవరి గాలి మరి" అని నవ్వేసింది. ఇవాళ ఉప్పునీళ్ళేనని ఆమెకి రూఢి.

ఇంటికి చేరిన మూడు గంటలకి నొప్పి లేచింది. పోయిన వారం కంటే ఘోరం. వెలుతురు చూడలేక కళ్ళు మూసుకుని కాగితం తడుముకుంది. ఎనిమిది వెయ్యాలి. వేస్తే అమ్మ అన్నదే నిజమైపోతుంది. ఆ భయం నొప్పిని మించిపోయింది. సున్నా వేసింది. తర్వాతి గంటకీ సున్నా. మాత్ర కూడా మింగలేదు, మింగితే అదీ రాయాలి.

జూన్‌లో అన్నీ ముగిసి, ఎవరికి ఏ వారం ఏది ఎక్కిందో చెప్పే కోడ్ విప్పాక ట్రొయెల్స్ పిలిచి కాఫీ పోశాడు. "మీది తమాషాగా ఉంది సిడ్సెల్. మొదటిది ఉప్పునీళ్ళు. వాటికీ కొందరికి వస్తుంది, అందులో వింతేం లేదు. అసలు పదార్థం రెండోసారి. దానికి మీకు ఏమీ రాలేదు."

ఆమె కప్పు కింద పెట్టేసింది. "వచ్చింది డాక్టర్. ఎనిమిది. నేనే సున్నాలు వేశాను."

"ఎందుకలా?"

"ఉప్పునీళ్ళనుకున్నాను."

"కోడ్ విప్పాక కాగితం మార్చడానికి లేదు. అయినా ఫలితం తెలిశాక చాలామందికి ఇలాగే గుర్తొస్తుంది లెండి."

"గుర్తు రావడం కాదు, నిజంగా వచ్చింది!" ఆమె గొంతు తనకే అరుపులా వినిపించింది.

"సరే, సరే," అన్నాడు ట్రొయెల్స్ చాలా మర్యాదగా. ఇంకొంచెం కాఫీ పొయ్యమంటారా అని అడిగాడు. ఆయన కూడా నమ్మలేదు.