నా భార్య రాసిన మాక్రోలు

ఆ ఫైలు నా భార్య రాసింది. సి భాషలో నలభై లైన్లు, అన్నీ మాక్రోలే. మాక్రో అంటే ఒక పేరు. అది రాసిన చోటల్లా దాని వెనకున్న లైన్లు వచ్చి కూర్చుంటాయి. మా కంపెనీ లిఫ్టులన్నీ పదకొండేళ్లుగా వాటితోనే నడుస్తున్నాయి. ఆమె పోయి రెండేళ్లు. ఇప్పుడు కొత్త టీమ్ లీడర్ ఆ ఫైలు తీసేయమన్నాడు. చొక్కా మడత నలగనివ్వడు కాబట్టి అందరం అతన్ని ఇస్త్రీ అంటాం.

"మాక్రోలు పాతకాలం వ్యవహారం గురువుగారూ. నేను శుభ్రంగా ఫంక్షన్లు రాశాను. ఓసారి చూసి సంతకం పెట్టేయండి."

చూశాను. లిఫ్టులో నొక్కిన ప్రతి అంతస్తూ మెమరీలో ఒక పెట్టె. ప్రతి పెట్టెలోనూ తర్వాతి పెట్టె అడ్రసు ఉంటుంది. అదే లింక్డ్ లిస్టు. లిఫ్టు ఆగాక ఆ అంతస్తు పెట్టెను తీసేయాలి. తీసే ముందే తర్వాతి అడ్రసు పక్కన దాచుకునేలా రాసింది నా భార్య. ఇస్త్రీ అది దండగనుకుని కొట్టేశాడు.

"ఇల్లు ఖాళీ చేయించి, మళ్లీ ఆ తలుపే తట్టి పక్కింటి అడ్రసు అడుగుతున్నావు," అన్నాను.

"వందసార్లు నడిపాను. ఒక్కసారీ ఆగలేదు."

"ఖాళీ అయిన ఇంట్లో ఇంకా కొత్తవాళ్లు దిగలేదు కాబట్టి."

తీసేసిన పెట్టెల్లో చెత్త నింపే లైను ఒకటి అతని కోడ్‌లో చేర్చాను. టెస్టింగ్ అమ్మాయి నమూనా లిఫ్టులో మూడు, ఐదు నొక్కింది. మూడులో తలుపు తెరుచుకుంది. ఇక కదల్లేదు.

"బాబాయ్ గారూ, ఐదో అంతస్తు వాళ్లని మెట్లెక్కమందామా?" అంది.

ఇస్త్రీ ముఖం మాడిపోయింది. "సరే, పాతదే ఉంచండి. కానీ ఫైలు పైన ఆవిడ పేరుంది, తీసేయండి. కోడ్ కంపెనీది. ఎవరి పేరూ రాయకూడదని రూలు."

తప్పు నాదన్న మాట అతని నోట రాలేదు. వచ్చినా నేను మన్నించేవాణ్ణి కాను.

పేరు తీసేశాను. తర్వాత రూల్సు మొత్తం చదివాను. వేరేవాళ్ల మాక్రోలతో కలిసిపోకుండా ప్రతి మాక్రో పేరు ముందూ ఒక గుర్తు ఉండాలట. ఏ గుర్తో రాయలేదు.

సాయంత్రానికల్లా ప్రతి మాక్రో ముందూ నా భార్య పేరు చేర్చాను. వాటిని వాడిన చోట్లు మూడువందల పన్నెండు. అన్నీ మార్చాను. టెస్టులన్నీ నెగ్గాయి.

ఇస్త్రీ స్క్రీన్ మీదికి వంగాడు. "ఏంటిది?"

"గుర్తు. రూలే కదా."

"అంటే లిస్టు కావాల్సినప్పుడల్లా అందరం ఆవిడ పేరు టైపు చేయాలా?"

"చేయాలి. ఒక్క అక్షరం తప్పినా ప్రోగ్రామ్ కంపైల్ కాదు," అని సంతకం పెట్టి కాగితం అతని ముందుకు తోశాను.